వెనక సీట్లో కూర్చున్న మనిషి

ఇంగ్లండులో ట్యాక్సీ నడిపే మనవాళ్ళు నలుగురు చేరితే మాటలు తిరిగి తిరిగి కౌన్సిల్ దగ్గరికే వస్తాయి. ఫీజులు, మెడికల్, ట్రైనింగులు, బండి తనిఖీలు, చూస్తుండగానే మారిపోయే షరతులు. ఒకప్పుడు ఆ కబుర్లలో అందరికంటే గట్టిగా వినిపించింది నా గొంతే. "మనల్ని ఏడిపించడానికే ఈ రూల్సన్నీ" అని మనస్ఫూర్తిగా నమ్మి అనేవాణ్ణి. నమ్మినట్టే నడుచుకున్నాను కూడా. దాని ఫలితం నేను అనుభవించాను. నాకంటే ముందు నా బండెక్కినవాళ్ళు అనుభవించారు. ఈ దేశానికి కొత్తగా వచ్చి ఇదే పనిలోకి దిగుతున్న తెలుగువాళ్ళకు ఉపయోగపడుతుందేమోనని ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మాది విజయవాడ. మా ఆవిడ నర్సు. ఆమెకు మిడ్‌ల్యాండ్స్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే డిపెండెంట్ వీసా మీద వెంట వచ్చాను. ఊళ్ళో ఉండగా ట్రావెల్స్ కారు నడిపినవాణ్ణి. తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు ఎన్నిసార్లు తిరిగానో. రాత్రంతా నడిపి, ఎక్కడో టీ తాగి, పొద్దున్నే మళ్ళీ స్టీరింగు పట్టిన అలవాటుంది. కారు నడపడం వచ్చు కనుక ట్యాక్సీ నడపడం కూడా వచ్చినట్టే అనుకున్నాను. నా తెలివితక్కువతనానికి మొదలు అక్కడుంది.

మన దగ్గర బండికి సంబంధించి నాకు తెలిసిన సర్కారు ఆర్టీవో ఆఫీసు. రోడ్డు మీద దాని మనిషి బ్రేక్ ఇన్‌స్పెక్టర్. ముందు ఎక్కడైనా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉంటే ఎదురొచ్చే లారీవాడు లైటు కొట్టి చెప్పేవాడు, మేం పక్క రోడ్డులోకి తిప్పేసేవాళ్ళం. ట్యాక్సీ ప్లేటు లేని సొంత బండిని కిరాయికి తోలి, ఎవరైనా ఆపితే "చుట్టాలం అని చెప్పండి" అని ఎక్కినవాళ్ళకు ముందే నేర్పేవాళ్ళం. అది తప్పని ఏనాడూ తోచలేదు. రూలంటే వాళ్ళు పన్నే వల, దాంట్లో పడకుండా తిరగడం డ్రైవరు పనితనం. ఈ లెక్కతోనే ఇంగ్లండులో దిగాను.

ఇక్కడ ట్యాక్సీ లైసెన్సు ఇచ్చేది ఊరి కౌన్సిల్. మన మున్సిపాలిటీ అనుకోవచ్చు. లండన్‌కు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ ఉంది. ర్యాంకులో, అంటే ట్యాక్సీ స్టాండులో నిలబడే, చెయ్యెత్తితే ఆగే బండిని చట్టం హ్యాక్నీ క్యారేజ్ అంటుంది, జనం ఎక్కువగా బ్లాక్ క్యాబ్ అంటారు. లండన్ బయట దానికి ఇప్పటికీ ఆధారం గుర్రబ్బళ్ళ కాలంలో, 1847లో చేసిన టౌన్ పోలీస్ క్లాజెస్ చట్టం. ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళనే ఎక్కించుకోవాల్సిన బండి ప్రైవేట్ హైర్. దానికి 1976 చట్టం. నాది ఈ రెండో రకం. దీనికి మూడు లైసెన్సులుంటాయి. నడిపేవాడికి బ్యాడ్జి, బండికి ప్లేటు, బుకింగులు తీసుకునే ఆపరేటరుకు వేరే లైసెన్సు. మూడూ ఒకే కౌన్సిల్ ఇచ్చినవై ఉండాలి.

బ్యాడ్జి కోసం పడ్డ పాట్లు అప్పట్లో కథలు కథలుగా చెప్పేవాణ్ణి. మన ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక ఏడాది వరకే చెల్లుతుంది. తర్వాత ఎల్ బోర్డు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టి యూకే లైసెన్సు తెచ్చుకున్నాను. లారీ, బస్సు డ్రైవర్లకు చేసే స్థాయి మెడికల్ చేశారు. పోలీసు రికార్డు చూసే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తీశారు. విదేశంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు అడిగారు. 2016 డిసెంబరు నుంచి వీసా చూడకుండా ఏ కౌన్సిలూ బ్యాడ్జి ఇవ్వకూడదు కనుక అదీ చూశారు. ఊరి దారుల పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష అయ్యాయి. చివర్లో పిల్లల రక్షణ, నిస్సహాయుల రక్షణ గురించి ఒక క్లాసు. ఆ క్లాసులో కూర్చుని నేను చేసిందల్లా గడియారం చూడటం. పిల్లలున్న తండ్రిని, ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారు అనుకున్నాను. మూడేళ్ళ గడువున్న బ్యాడ్జి చేతికొచ్చింది. ఫీజు కట్టాను, సంపాదించుకున్నాను, ఇక ఇది నాది అనుకున్నాను.

మొదటి తప్పు ఇంట్లోనే జరిగింది. మాకున్నది ఆ ప్లేటు వేయించిన కారొక్కటే. ఆదివారం బస్సులు తక్కువ. పొద్దున్నే డ్యూటీ ఉంటే మా ఆవిడ ఆ కారే వేసుకుని ఆసుపత్రికి వెళ్ళేది. ఆమెకు లైసెన్సుంది, బండి మాది, కిరాయికి తోలడం లేదు, ఇందులో తప్పేముంటుంది అనుకున్నాను. స్టేషన్ ర్యాంకులో చాలా ఏళ్ళుగా బ్లాక్ క్యాబ్ నడుపుతున్న మీర్‌పూర్ పెద్దాయన ఒకరు ఉన్నారు. నేను చాచా అంటాను. మాటల మధ్యలో ఈ సంగతి చెబితే ఆయన చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టేశారు. ప్లేటు ఉన్నన్నాళ్ళూ అది ప్రైవేట్ హైర్ బండే. కూరగాయలకు వెళ్ళినా, పిల్లల్ని బడి దగ్గర దింపినా బ్యాడ్జి ఉన్నవాడే నడపాలి. 1997లో బెన్సన్, బాయిస్ కేసులో కోర్టు ఈ మాట తేల్చేసింది.

ఇంటికెళ్ళి ఇన్సూరెన్సు కాగితం తీశాను. లైసెన్సు ఉన్న డ్రైవరు నడిపినప్పుడే అని అందులో స్పష్టంగా ఉంది. మా ఆవిడ ఆ దారిలో ఎవరికైనా తగిలించి కోర్టులో శిక్ష పడితే, నర్సుల రిజిస్టరు వాళ్ళకూ చెప్పుకోవాల్సి వచ్చేది. మా కుటుంబం ఈ దేశంలో నిలబడింది ఆమె ఉద్యోగం మీద. కాగితం చదవని బద్ధకంతో దాన్నే పణం పెట్టాను. ఆ రోజే మానిపించాను. కానీ మానిపించింది భయంతో. అలాంటి రూలు ఎందుకుందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. ప్లేటు చూసి జనం బండెక్కుతారు. స్టీరింగు దగ్గరున్నవాణ్ణి ఎవరో పరీక్షించే ఉంటారని ఆ ప్లేటు చూసే నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆదివారం సెలవుండదు. ఇంత చిన్న సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. అది ఎక్కడా బయటపడలేదు, ఇప్పుడు నేను చెబితే తప్ప.

నవంబరు నెల, శనివారం రాత్రి, ఆగకుండా వాన. పబ్బులు మూసే వేళ. ఒక బేరం దింపి తర్వాతి జాబ్ కోసం రోడ్డు పక్కన ఆపుకున్నాను. ఒక అమ్మాయి వచ్చి అద్దం మీద కొట్టింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఫోనులో చార్జింగు అయిపోయిందట, ర్యాంకులో బళ్ళు లేవట, ఇల్లు ఊరి చివర అట. క్యాష్ ఇస్తానంది. ఇలా బుకింగు లేకుండా రోడ్డు మీద ఎక్కించుకోవడాన్ని మేం స్ట్రీట్ పికప్ అంటాం. చెయ్యకూడదని నాకు తెలుసు. ఎక్కమన్నాను.

చార్జర్ వైరు వెనక్కి అందించాను. కాసేపటికి ఫోను వెలిగింది, వెంటనే వాళ్ళమ్మ ఫోను. ఏ కంపెనీ బండి, నంబరెంత అని అడుగుతున్నట్టుంది. చూసి చెబుతానని అమ్మాయి ఫోనులో వెతికింది. బుకింగు లేదు కదా, అందులో ఏముంటుంది? "మీది ఏ కంపెనీ?" అని నన్నే అడిగింది. పేరు చెబితే మా ఆపరేటరుకు ఫిర్యాదు వెళ్తుందేమోనని చెప్పలేదు. "నో ప్రాబ్లమ్, దగ్గరికొచ్చేశాం" అన్నాను. ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు. అద్దంలో చూశాను. సీటు చివరికి జరిగి, తలుపు పిడి మీద చెయ్యి వేసి కూర్చుంది. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఇల్లు రాగానే నోటు సీటు మీద పడేసి, చిల్లర అడగకుండా దిగి పరుగెత్తింది. ఇంటికెళ్ళి మా ఆవిడతో, "వానలో ఒక పిల్లకు సాయం చేశాను" అని చెప్పాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ సాయం చట్టం ముందు ఏమవుతుందో చెబుతాను. ప్రైవేట్ హైర్ బండిలో బుకింగు లేని మనిషిని ఎక్కించుకోవడమే నేరం. దాంతో పాటు ఇన్సూరెన్సు కూడా పోతుంది, ఎందుకంటే మా పాలసీ ముందుగా బుక్ అయిన ప్రయాణాలకే. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే లైసెన్సు మీద ఆరు నుంచి ఎనిమిది పాయింట్లు పడతాయి. కొత్త లైసెన్సు తీసుకున్న రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు వస్తే ఆ లైసెన్సే రద్దవుతుంది. నాదింకా రెండేళ్ళు నిండలేదు. కౌన్సిల్ మనుషులు మామూలు ప్రయాణికుల్లా నిలబడి ఇలాంటి పికప్‌లు పట్టుకుంటుంటారని మా అందరికీ తెలుసు. అన్నీ తెలిసే చేశాను. ఆ రాత్రి గండం గడిచింది, దాంతో ధైర్యం పెరిగింది.

మూడో తప్పు దగ్గర దొరికిపోయాను. చిత్రమేమిటంటే మూడింటిలో అదే చిన్నది.

ముప్ఫై మైళ్ళ రోడ్డులో కొంచెం వేగంగా పోయాను, కెమెరా పట్టింది. ఇంటికి నోటీసు వచ్చింది. మొదటిసారైతే పాయింట్లకు బదులు క్లాసుకు పిలుస్తారు. మూడేళ్ళలో రెండోసారి ఆ అవకాశం ఉండదు. నేను అంతకుముందే ఒక క్లాసుకు వెళ్ళొచ్చాను కాబట్టి ఈసారి వంద పౌన్ల జరిమానా, మూడు పాయింట్లు. కట్టేశాను. బ్యాడ్జితో పాటు ఇచ్చిన షరతుల్లో, ఇలాంటిదేదైనా జరిగితే 48 గంటల్లో కౌన్సిల్‌కు తెలియజేయాలని ఉంది. తెలియజేయలేదు. తర్వాత ఏటా ఇచ్చే డిక్లరేషన్ ఫారం వచ్చింది. కిందటి ఫారం తర్వాత శిక్షలు, హెచ్చరికలు, ఫిక్స్‌డ్ పెనాల్టీలు ఏమైనా ఉన్నాయా అని ఒక గడి. స్టేషన్ దగ్గర తోటి డ్రైవర్లను అడిగాను. "మూడు పాయింట్లకు ఎవడు చూస్తాడన్నా, లేవని కొట్టెయ్" అన్నాడు ఒక కుర్రాడు. నాకు కావలసిన జవాబు కూడా అదే. లేవని టిక్కు పెట్టి, చెప్పినవన్నీ నిజమేనని కింద సంతకం చేశాను.

లైసెన్సింగ్ ఆఫీసరు, డ్రైవింగు లైసెన్సులిచ్చే డీవీఎల్ఏ రికార్డు తీసి చూశారు. ఆ మూడు పాయింట్లు అక్కడున్నాయి. లైసెన్సింగ్ సబ్‌కమిటీ ముందుకు రమ్మని ఉత్తరం వచ్చింది.

టౌన్‌హాల్లో పొడుగాటి బల్ల. అవతలి వైపు ముగ్గురు కౌన్సిలర్లు, జనం ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ళు. పక్కన కౌన్సిల్ లాయరు, ఇంకో పక్క ఆఫీసరు. నేను ఇంటి అద్దె, పిల్లల చదువు, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే డబ్బు అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. చదవడం మొదలుపెట్టగానే లాయరు మర్యాదగానే ఆపారు. డ్రైవరు కుటుంబానికి కలిగే కష్టాన్ని కమిటీ లెక్కలోకి తీసుకోకూడదని 2002లోనే లీడ్స్ కౌన్సిల్ కేసులో కోర్టు చెప్పిందన్నారు. వాళ్ళు తేల్చాల్సింది ఒక్కటే, నేను ఈ పనికి తగిన మనిషినా కాదా. నా కాళ్ళ కింద నేల కదిలిపోయింది. పొట్టకూటి మాట వినని చోటు లోకంలో ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దావిడ పాయింట్ల గురించి అసలు అడగలేదు. "ఆ గడిలో టిక్కు పెట్టేటప్పుడు మీ మనసులో ఏముంది?" అన్నారు. ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. "ఎవరూ చూడరనుకున్నాను" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "మీ బండెక్కేవాళ్ళకు చూసే వీలే లేదు కదా. వాళ్ళ తరఫున చూడాల్సింది మేం. మీరు దాస్తే మేం ఎలా చూడాలి?" అన్నారు.

ఆ మాటతో వానలో ఎక్కిన అమ్మాయి గుర్తుకొచ్చింది. తలుపు పిడి మీద బిగుసుకున్న ఆ వేళ్ళకు అర్థం అప్పటికి నాకు తెలిసింది. బుకింగు ఉంటే ఎవరు, ఎక్కడ ఎక్కారు, ఎక్కడికి, ఏ బండి, ఏ డ్రైవరు అన్నీ ఆపరేటరు దగ్గర నమోదవుతాయి. అలా నమోదు చేయడం చట్టం వాళ్ళ మీద పెట్టిన బాధ్యత. ఆ రాత్రి ఆ పిల్ల ఎవరి బండిలో ఉందో లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ ఫోనులో అడిగింది ఆ ఒక్క ముక్కే, నేను అదీ చెప్పలేదు. నేను మంచివాణ్ణో కాదో తెలుసుకునే దారి ఆ పిల్లకు లేకుండా చేసి, పైగా సాయం చేశానని ఇంట్లో చెప్పుకున్నాను.

బ్యాడ్జిని కొంతకాలం సస్పెండ్ చేశారు. ఫారంలో తెలిసి అబద్ధం రాయడం 1976 చట్టం కింద విడిగా నేరం కూడా. కోర్టు దాకా తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళి ఉంటే నా సంగతి ఏమయ్యేదో తర్వాత చదివి తెలుసుకున్నాను. 2020 జులైలో రవాణా శాఖ కౌన్సిళ్ళన్నిటికీ ప్రమాణాలు ఇచ్చింది. చిన్న ట్రాఫిక్ తప్పు ఒక్కసారి జరిగితే దానివల్ల లైసెన్సు ఆగిపోనక్కర్లేదని అందులో ఉంది. మోసం, అబద్ధం కలిసిన నేరానికి శిక్ష పడితే మాత్రం ఆ శిక్ష పూర్తయ్యాక ఏడేళ్ళు గడవాలి. అంటే నేను నిజం చెప్పి ఉంటే నాకు ఒరిగే నష్టం దాదాపు లేదు. ఏ నష్టమూ లేని నిజాన్ని దాచడానికి, ఏడేళ్ళ బతుకుతెరువు పోగొట్టే అబద్ధం ఆడాను. నా మూర్ఖత్వానికి ఇంతకంటే నిదర్శనం నా జీవితంలో లేదు.

ఉత్తరం అందాక మేజిస్ట్రేటు కోర్టులో అప్పీలు చేసుకోవడానికి 21 రోజుల గడువుంటుంది. అప్పీలు వేసి అది తేలేదాకా నడుపుకోమన్నారు కొందరు. ఇంకొందరు వేరే కౌన్సిల్లో బ్యాడ్జికి పెట్టుకోమన్నారు. ఇది ఇక్కడి ట్యాక్సీ లోకంలో పెద్ద చర్చ. ఒక కౌన్సిల్లో లైసెన్సు తీసుకుని ఇంకో ఊళ్ళో బేరాలు చేసుకోవడం చట్టప్రకారం తప్పు కాదు. ఒక ఆపరేటరుకు వచ్చిన బుకింగును వేరే కౌన్సిల్ పరిధిలోని ఆపరేటరుకు ఇచ్చే వీలు 2015లో వచ్చాక అది ఇంకా పెరిగింది. వుల్వర్‌హాంప్టన్ ప్లేటున్న బళ్ళు దూరాన మాంచెస్టర్‌లోనూ తిరుగుతుంటాయి. అక్కడి కౌన్సిల్ ఆఫీసర్లకు ఆ డ్రైవరు లైసెన్సును రద్దు చేసే అధికారం ఉండదు. 2025 జూన్‌లో పిల్లల లైంగిక దోపిడీ మీద లూయీస్ కేసీ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఈ దారి మూసేయాలని సిఫారసు చేసింది. నన్ను ఆ దారినే పొమ్మన్నారు. రక్షణకు, రోడ్డు భద్రతకు సంబంధించిన కారణాలతో ఒకచోట లైసెన్సు పోయినవాళ్ళ వివరాలు అన్ని కౌన్సిళ్ళూ చూసేలా నమోదు చేయాలని 2022 చట్టం వచ్చింది కనుక దొరికిపోతానన్న భయం కొంత ఉంది. ఆ రెండూ చేయకపోవడానికి అసలు కారణం అది కాదు. అప్పీలు చేసి ఏం చెప్పాలి? అబద్ధం ఆడలేదనా? కమిటీ చెప్పింది సబబుగా ఉంది. అప్పీలు వెయ్యలేదు. మా ఆవిడ అదనపు డ్యూటీలు చేసి ఇల్లు నడిపింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఖాళీగా కూర్చున్న ఆ రోజుల్లో, క్లాసులో గడియారం చూస్తూ వినకుండా పోయిన సంగతులు చదివాను. యార్క్‌షైర్‌లో రాథరమ్ అనే ఊరుంది. 1997 నుంచి 2013 మధ్య ఆ ఒక్క ఊళ్ళో, తక్కువలో తక్కువ లెక్క వేసినా, సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో అలెక్సిస్ జే నివేదిక చెప్పింది. ఇంగ్లండులో జరిగిన ఇలాంటి ఘోరాల్లో ట్యాక్సీ డ్రైవర్ల పాత్ర మళ్ళీ మళ్ళీ కనబడుతోందని ఆ నివేదికే రాసింది. పిల్లలు చెప్పినా పోలీసులు, కౌన్సిల్ పట్టించుకోలేదు. 2015 ఫిబ్రవరిలో ఇదే కేసీ ఇచ్చిన తనిఖీ నివేదిక వచ్చాక ప్రభుత్వం ఆ కౌన్సిల్ పగ్గాలు తీసి కమిషనర్ల చేతిలో పెట్టింది. తర్వాత ఆ ఊళ్ళో ట్యాక్సీలన్నిటికీ కెమెరాలు తప్పనిసరి చేశారు. లండన్‌లో జాన్ వార్‌బాయ్స్ అనే బ్లాక్ క్యాబ్ డ్రైవరు తన బండెక్కిన ఆడవాళ్ళకు మత్తు కలిపి ఇచ్చి దాడులు చేశాడని 2009లో కోర్టులో రుజువైంది.

నేను ఎగతాళి చేసిన ప్రతి కాగితం వెనకా ఇలాంటి బతుకులున్నాయి. 2020 ప్రమాణాల్లో కౌన్సిల్ తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. నాకు కావలసిన మనిషిని, ఏ స్థితిలో ఉన్నా, పగలైనా అర్ధరాత్రైనా, ఈ డ్రైవరు బండిలో ఒంటరిగా పంపిస్తానా అని. నా కూతురికి పదకొండేళ్ళు. నాలుగేళ్ళు పోతే స్నేహితుల ఇంటి నుంచి రాత్రిపూట ట్యాక్సీలో వస్తుంది. ఆ డ్రైవరు ఫారంలో ఏం దాచాడో నాకు తెలియదు. ఎవరో ఒక ఆఫీసరు ఓపిగ్గా రికార్డు తీసి చూసి ఉండాలి. నన్ను పట్టుకున్న ఆఫీసరు చేసిన పని అదే.

కౌన్సిళ్ళు చెప్పేవన్నీ వేదవాక్కులని నేననను. పక్కపక్క ఊళ్ళకే ఫీజుల్లో తేడా ఉంటుంది. బండి వయసు పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కాగితం ఎటూ కదలక రోజులు గడుస్తుంటే డ్రైవరు ఇంట్లో పొయ్యి వెలగదు. వీటి మీద పోరాడాల్సిందే, పోరాడినవాళ్ళున్నారు. వేక్‌ఫీల్డ్ డ్రైవర్ల సంఘం, డ్రైవర్ల ప్రవర్తన మీద నిఘాకయ్యే ఖర్చును బండి లైసెన్సు ఫీజులో కలిపి వసూలు చేయడం చెల్లదని వాదించి 2019లో అప్పీలు కోర్టులో గెలిచింది. ఉబర్ డ్రైవర్లు తాము వర్కర్లమని, కనీస వేతనం, సెలవు జీతం తమ హక్కని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. వాళ్ళు తమ పేర్లతో, కాగితాలతో, అందరి ముందు నిలబడి రూలును ప్రశ్నించారు. నేను చాటుగా తప్పించుకున్నాను. ఇన్నాళ్ళూ నేను చేసింది కూడా అన్యాయాన్ని ఎదిరించడమే అన్న భ్రమలో బతికాను. తప్పించుకున్నవాడి వల్ల ఏ రూలూ మారదు. అతణ్ణి చూసి ఇంకో రూలు పుడుతుంది, దాని బరువు నిజాయితీగా నడుపుకునే చాచా లాంటివాళ్ళ మీద పడుతుంది.

ఇప్పుడు బ్యాడ్జి నా దగ్గరుంది. కొత్తగా వచ్చిన మన కుర్రాళ్ళు ఫోన్లు చేస్తుంటారు. "అన్నా, ఈ గడిలో ఏం రాయమంటావ్?" "జరిగింది రాయి తమ్ముడూ. చిన్నదైతే వాళ్ళే వదిలేస్తారు, పెద్దదైతే దాచినా దాగదు." స్టూడెంట్ వీసా మీద ఉండి, ఫ్రెండు బ్యాడ్జితో రాత్రిళ్ళు తోలుకుంటానని అడిగినవాడు కూడా ఉన్నాడు. ఆ వీసా మీద స్వయంఉపాధి చెయ్యకూడదని, దొరికితే చదువు, వీసా రెండూ పోతాయని చెప్పాను. దాంతో ఊరుకోలేదు. యాప్‌లో ఒక ముఖం చూసి ఇంకో ముఖం నడిపే బండెక్కే ఆడపిల్ల గురించి కూడా చెప్పాను. వాడికి ఆ రెండో మాటే తగిలింది. నాకూ ఎవరైనా ముందే అలా చెప్పి ఉంటే బాగుండేదేమో. కానీ చెప్పారు. గడియారం చూస్తూ వినకపోయినవాణ్ణి నేనే.

ఫీజు అన్యాయంగా పెంచితే టౌన్‌హాల్ ముందు జెండా పట్టుకోవడానికి నేనూ వస్తాను. పిటిషన్ రాయాలంటే కూర్చుని రాస్తాను, చందా వేయమంటే వేస్తాను. కౌన్సిల్ దగ్గర ఏదైనా దాచాలంటే మాత్రం నన్ను సాయం అడగొద్దు.